గ్లెన్‌ఫార్‌క్లాస్ 25 కంటే 15 ఏళ్లదే నచ్చింది. తేడా నా నాలుకదా, సీసాదా?

నైట్‌షిఫ్ట్_నాని
బావగారు లండన్ నుంచి వస్తూ గ్లెన్‌ఫార్‌క్లాస్ 25 ఏళ్ల స్కాచ్ విస్కీ సీసా తెచ్చారు. అదే కంపెనీ 15 ఏళ్లది నా దగ్గర ముందే సగం ఉంది. శనివారం రాత్రి రెండూ పక్కపక్కన పోసుకుని కూర్చున్నాను. ఒకే రకం గ్లాసులు. నీళ్లు లేవు, ఐసు లేదు.

25 వాసన చూస్తే ఎండు ఖర్జూరం, వేయించిన బాదం, పాత టేకు బీరువా తలుపు తీసినప్పటి వాసన. నోట్లో మాత్రం మెత్తగా జారిపోయింది. తర్వాత నాలుక అంచుల్లో ఏదో పట్టేసినట్టు ఉంది. 15 అలా కాదు. నారింజ తొక్క, తాటిబెల్లం, కాస్త శొంఠి ఘాటు. మింగాక కూడా చాలాసేపు నిలిచింది.

నాకు 15 నచ్చింది. ఈ మాట బావగారితో అనే ధైర్యం లేదు. ఆయన రోజూ ఫోన్ చేసి "ఎలా ఉందోయ్?" అంటున్నారు. ధరలో ఇది దానికి రెండింతల పైమాటే. అసలు ఇంత వయసున్న సింగిల్ మాల్ట్‌ని (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తిన బార్లీతోనే చేసిన విస్కీ) ఎలా రుచి చూడాలి? దేన్ని బట్టి బాగుంది, బాగాలేదు అనాలి?

సోడా_శాస్త్రి
బావగారికి "అద్భుతం" అని మెసేజ్ పెట్టి 25 సీసా నాకు పంపెయ్యండి. మీ పరువు నిలుస్తుంది, నా శనివారం గడుస్తుంది.

పీపా_పిచ్చోడు
నాలుకలో లోపం ఏమీ లేదు. లేబుల్ మీద చిన్న అక్షరాలు చూశారా? 15 ఏళ్లదాంట్లో ఆల్కహాల్ 46 శాతం, 25 ఏళ్లదాంట్లో 43 శాతం. మీకు 15 బలంగా అనిపించడానికి సగం కారణం అక్కడే ఉంది. మూడు శాతం అంటే లేబుల్ మీద చిన్న అంకె, నోట్లో మాత్రం బాగా తెలుస్తుంది.

46 దగ్గర ఇంకో సంగతి ఉంది. అంతకంటే తక్కువ ఆల్కహాల్ ఉన్న విస్కీ చల్లబడితే మబ్బు పడుతుంది, ఐసు వేస్తే ఇంకా పడుతుంది. కొనేవాళ్లు అది చూసి పాడైందనుకుంటారని చాలా కంపెనీలు సున్నా డిగ్రీల దగ్గరకి చల్లార్చి వడగడతాయి. ఆ వడపోతలో కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు కొన్ని పోతాయి. నోటికి నిండుదనం ఇచ్చేవి అవే అని ఒక వర్గం, తేడా ఎవరికీ తెలియదని ఇంకో వర్గం. నేను మొదటి వర్గం. గ్లెన్‌ఫార్‌క్లాస్ వాళ్లు ఎలా వడగడతారన్న సంగతిలోకి నేను పోను, మామూలుగా జరిగేది చెబుతున్నా.

ఇక 25 అన్న అంకె. ఆ సీసాలో కలిసిన విస్కీలన్నిటిలోకీ తక్కువ కాలం పీపాలో ఉన్నదాని వయసు అది. అంతకు మించి ఏ హామీ లేదు. స్కాచ్ అనిపించుకోవాలంటే 700 లీటర్లు మించని ఓక్ పీపాలో కనీసం మూడేళ్లు, స్కాట్లాండ్ గడ్డ మీదే ఉండాలి, సీసాలోకి వచ్చేటప్పుడు 40 శాతానికి తగ్గకూడదు. చట్టం అడిగేది ఇంతే. రుచికి మార్కులు వేసే చట్టం లేదు.

హిమాయత్‌నగర్_హంస
అంటే వయసు పెరిగితే బాగుంటుందన్న గ్యారంటీ లేదంటారు. మరి అన్ని డబ్బులు దేనికి?

సోడా_శాస్త్రి
పీపాలకి అద్దె.

పీపా_పిచ్చోడు
శాస్త్రిగారు జోకు వేశారు గానీ అది నిజం. పాతికేళ్లు గోదాములో స్థలం, ఆ డబ్బుకి పాతికేళ్ల వడ్డీ, పైగా ఏటా కొంత గాల్లో కలిసిపోవడం. మనం కట్టేదాంట్లో చాలా భాగం వాటికే.

అబర్డీన్_అప్పారావు
నేనుండేది ఈ విస్కీ కాచే గ్లెన్‌ఫార్‌క్లాస్ డిస్టిలరీకి రెండు గంటల లోపు దూరంలో, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

స్కాట్లాండ్ స్పేసైడ్ ప్రాంతంలో బాలిన్‌డాలక్ అనే చోట, బెన్ రిన్నెస్ కొండ కింద ఉంటుంది. 1865 నుంచి గ్రాంట్ కుటుంబం చేతిలోనే ఉంది. స్కాచ్‌లో ఎక్కువ భాగం పెద్ద పెద్ద కంపెనీల కింద ఉన్న రోజుల్లో ఇది అరుదు. దాని వల్ల పాత పీపాలని తొందరపడి అమ్మెయ్యకుండా దాచుకోగలిగారు. 1952 నాటి నుంచి ఏడాదికొక పీపా చొప్పున ఫ్యామిలీ కాస్క్స్ అని 2007లో బయటపెట్టారంటే ఆ దాచుకున్న సరుకే కారణం.

రుచికి సంబంధించినది స్టిల్స్, అంటే విస్కీ కాచే రాగి బానల దగ్గర ఉంది. చాలాచోట్ల స్టిల్ లోపల ఆవిరి గొట్టాలతో వేడి చేస్తారు. ఇక్కడ ఇప్పటికీ కింద గ్యాస్ మంటే. అడుగంటకుండా లోపల రాగి గొలుసులు తిరుగుతుంటాయి. ఒకప్పుడు ఆవిరితో చేసి చూసి, స్పిరిట్‌లో బరువు పోయిందని మళ్లీ మంటకే వచ్చారని గైడ్ చెప్పాడు. అలా వచ్చిన బరువైన స్పిరిట్ ఒలొరోసో షెర్రీ అనే స్పెయిన్ వైన్ పీపాల్లో ఎంతకాలమున్నా అంత తొందరగా లొంగదు. తేలికపాటి స్పిరిట్ అయితే పదిహేనేళ్లకే పీపా రుచి దాన్ని మింగేస్తుంది.

గోదాములు కూడా పాత పద్ధతివి. మట్టి నేల, తక్కువ ఎత్తు కప్పు, మూడు వరసలకి మించి పీపాలు పేర్చరు. చల్లగా, తేమగా ఉంటుంది. అక్కడ నడుస్తుంటేనే సగం మత్తు.

నానిగారూ, మీరు రాసిన "పట్టేసినట్టు" అన్నది చేదా, వగరా? వక్క నమిలాక నాలుక బిగుసుకున్నట్టు ఉంటే అది ఓక్ చెక్క టానిన్. చేదు అయితే వేరే సంగతి.

నైట్‌షిఫ్ట్_నాని
వగరే. వక్క నమిలినట్టే. కరెక్టుగా చెప్పారు.

అబర్డీన్_అప్పారావు
అయితే అది 25 ఏళ్ల షెర్రీ పీపా సంతకం. కొద్దిగా ఉంటే ఎండు పళ్ల తీపికి అడ్డుకట్ట వేస్తుంది. మితిమీరితే లోపం. ఈ సీసాలో మితిమీరిందని నేను అనను. మీకు అలవాటు లేని రుచి అంటాను.

లక్ష్మి_ఆన్_ద_రాక్స్
ముందు ఒక ప్రశ్న. ఆ రాత్రి మంచింగ్ ఏంటి?

నైట్‌షిఫ్ట్_నాని
ఏమీ లేదండీ. ఉప్పు లేని బిస్కెట్లు, మంచినీళ్లు. మిర్చి బజ్జీ అని ఎవరైనా అంటారని ముందే అనుకున్నా.

లక్ష్మి_ఆన్_ద_రాక్స్
గుడ్. నేను ఆహార కంపెనీలో రుచి పరీక్షల ప్యానెల్ నడుపుతాను, విస్కీ కాదు గానీ పద్ధతి ఒకటే. మీ పోలికలో నాకు కనిపించిన లోటు ఏమిటంటే, ఏ గ్లాసులో ఏముందో మీకు ముందే తెలుసు. ధర తెలుసు, బావగారి ఫోన్ తెలుసు. "ఖరీదైనది కదా, ఎందుకు గొప్పగా లేదు?" అనే ప్రశ్నతోనే గ్లాసు ఎత్తారు. అలా చూస్తే ఏదైనా కాస్త తక్కువగానే కనిపిస్తుంది.

ఇంట్లో ఎవరినైనా పట్టుకోండి. మీరు వేరే గదిలో ఉండగా మూడు గ్లాసుల్లో పోయమనండి. రెండింటిలో ఒకే విస్కీ, మూడోదాంట్లో ఇంకోటి. రంగు తెలియకుండా గ్లాసుల చుట్టూ కాగితం చుట్టాలి, లేదా లైటు బాగా తగ్గించాలి. వేరుగా ఉన్నది ఏదో మీరు చెప్పాలి. ముందు అది తేలాలి. తేడానే తెలియకపోతే ఏది గొప్పదన్న చర్చ అక్కర్లేదు. తెలిస్తే అప్పుడు ఏది ఇష్టమో రాసుకోండి, పేర్లు చూడకుండా.

వాసన చూసేటప్పుడు ముక్కు గ్లాసులో దూర్చకండి. పెదాలు కొంచెం తెరిచి, గ్లాసు గడ్డం దగ్గర పెట్టి మెల్లగా పైకి తీసుకురండి. మొదటి వాసనలో ఆల్కహాల్ తప్ప ఏమీ తెలియదు. ముక్కు అలవాటు పడ్డాక రెండోసారి, మూడోసారి వచ్చేవే అసలువి. మధ్యలో ముక్కు మొద్దుబారితే మీ మోచేయి మడతలో వాసన చూసుకోండి, మళ్లీ దారికొస్తుంది. కాఫీ గింజలు అక్కర్లేదు.

మంజీర_మల్లన్న
మోచేయి వాసన మస్తుంది. మా ఇంట్లో నన్ను చూసి డాక్టర్ దగ్గరికి పోదామంటారు.

వైజాగ్_అల
ఎవరూ అడగలేదు, నేను అడుగుతున్నా. రూమ్ టెంపరేచర్ ఎంత? మే నెలలో హైదరాబాద్‌లో ఏసీ లేని గది అంటే 35 డిగ్రీలు. పుస్తకాల్లో రాసే "గది ఉష్ణోగ్రత" స్కాట్లాండ్ గదిది. 35లో ఆల్కహాల్ ఆవిరి ముందు లేచి ముక్కు పట్టేస్తుంది, పాత విస్కీలోని సన్నటి వాసనలు దాని వెనకాల దాక్కుంటాయి. సీసా, గ్లాసు రెండూ ఏసీ గదిలో ఉంచి 20 నుంచి 22 మధ్యకి రానివ్వండి. ఫ్రిజ్ వద్దు, వాసన పూర్తిగా మూసుకుపోతుంది.

నైట్‌షిఫ్ట్_నాని
ఏసీ ఉంది గానీ సీసా వంటింటి పక్క అల్మరాలో ఉండేది. పోసేముందు అది వెచ్చగానే ఉందనుకుంటా.

పీపా_పిచ్చోడు
ఇంకో పని. పోశాక ఎంతసేపు ఆగారు? పాతిక దాటిన మాల్ట్‌కి గ్లాసులో కనీసం ఇరవై నిమిషాలు ఇవ్వండి. నేనైతే అరగంట. 15 లాంటిది తలుపు తీయగానే మాట్లాడుతుంది, ఇది మాట్లాడించాలి.

తర్వాత రెండే రెండు చుక్కల నీళ్లు. దాని మీద సైన్స్ కూడా ఉంది. 2017లో స్వీడన్‌లో ఒక పరిశోధన వచ్చింది. నీళ్లు కలిపితే గ్వాయకోల్ అనే వాసన పదార్థం పైకి, అంటే ద్రవం ఉపరితలానికి వస్తుందని చెప్పింది.

డాక్టర్_జఠరం
ఆ పేపర్‌ని ప్రతివాళ్లూ ఉదహరిస్తారు, లోపల చదివినవాళ్లు తక్కువ. అది కంప్యూటర్ సిమ్యులేషన్. అందులో తేలింది ఇదీ: 45 శాతం దాకా ఆల్కహాల్ ఉన్నప్పుడు గ్వాయకోల్ ఉపరితలం దగ్గరే ఎక్కువగా ఉంటుంది. 59 శాతం దాటితే లోపలికి పోతుంది. అంటే కాస్క్ స్ట్రెంగ్త్ (పీపాలో ఉన్న బలంతోనే నింపిన) సీసాకి నీళ్లు కలపడానికి అది మంచి వాదన. నానిగారి 25 ఇప్పటికే 43 శాతం, ఆ లెక్కన గ్వాయకోల్ పైనే ఉంది. పైగా అది పొగ వాసన ఇచ్చే పదార్థం. గ్లెన్‌ఫార్‌క్లాస్ పీట్ అనే మట్టి ఇంధనం పొగ పట్టించని మాల్ట్. ఆ పేపర్‌ని ఇక్కడికి తీసుకురావడం అనవసరం.

43 దగ్గర ఉన్న పాత విస్కీలో నీళ్లు పోస్తే నాకు తెలిసి ఒకటే జరుగుతుంది. పల్చబడి వగరు ఒక్కటే మిగులుతుంది.

పీపా_పిచ్చోడు
పేపర్ సంగతి సరే, వదిలేస్తా. కానీ బ్లెండర్లు, అంటే కంపెనీల్లో విస్కీలు కలిపేవాళ్లు, నీళ్లు కలిపి 20 శాతం దగ్గర వాసన చూస్తారన్నది మాత్రం వాస్తవం. ఆల్కహాల్ తగ్గితే లోపాలు బయటపడతాయని.

డాక్టర్_జఠరం
లోపాలు వెతకడం వాళ్ల ఉద్యోగం. నాని తాగడానికి కూర్చున్నాడు.

లక్ష్మి_ఆన్_ద_రాక్స్
ఇద్దరూ ఆగండి. పోసిన దాంట్లో సగం వేరే గ్లాసులోకి తీసి అందులో చుక్క వేస్తే గొడవ ఉండదు. మిగతా సగం మామూలుగానే ఉంటుంది కదా.

ఇందిరానగర్_ఇస్మాయిల్
బెంగళూరు నుంచి ఒక లెక్క. స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. 250 లీటర్ల పీపా పాతికేళ్ల తర్వాత 150 లీటర్ల దగ్గర మిగులుతుంది. ఇక్కడి విస్కీ కంపెనీ అమృత్ వాళ్లకి ఏటా 10 నుంచి 12 శాతం పోతుందని వాళ్లే చెబుతారు. 10 శాతమే అనుకున్నా, పాతికేళ్లకి మిగిలేది 18 లీటర్లు. అవి కూడా విస్కీలా ఉండవు, చెక్క కషాయంలా ఉంటాయి. అందుకే మన మాల్ట్‌లలో చాలావాటి మీద వయసే వెయ్యరు. 2013లో అమృత్ 8 ఏళ్లది గ్రీడీ ఏంజెల్స్ పేరుతో తెస్తే అప్పట్లో అదే పెద్ద వార్త.

అంకెని చూసి తాగేవాళ్లకి ఇక్కడి నాలుగైదేళ్ల మాల్ట్ ఒకసారి కళ్లు మూసి పోయండి. చాలామంది పన్నెండు, పదిహేను అంటారు.

అబర్డీన్_అప్పారావు
@ఇస్మాయిల్ రంగు, చెక్క వరకు ఒప్పుకుంటా. కానీ వేడి వల్ల ఓక్ నుంచి సారం తొందరగా దిగుతుంది గానీ మిగతా పనులకి టైమే కావాలి. చెక్క రంధ్రాల్లోంచి గాలి మెల్లగా వెళ్లడం, ఆమ్లాలు ఆల్కహాల్‌తో కలిసి ఎస్టర్లు అవడం, ఘాటు పదార్థాలు విరిగిపోవడం. పాత మాల్ట్‌లో ఒక్కోసారి వచ్చే మగ్గిన పండు, తేనెమైనం, తోలు వాసనలు దాని నుంచే. అది బెంగళూరులో ఐదేళ్లకి రాదు. అమృత్ మంచి విస్కీ, కాదనను. కానీ రెండూ వేరు.

ఇందిరానగర్_ఇస్మాయిల్
అన్నా, నేనూ వేరనే అంటున్నా. ఒకటి ఇంకోదానికి తక్కువ కాదంటున్నా.

మంజీర_మల్లన్న
ఆవకాయ లాంటిదే కదా ఇదంతా. మూడు నెలలకి ముక్క, కారం, నూనె అన్నీ తెలుస్తాయి. మూడేళ్లకి నల్లబడి ఒక్కటే రుచి.

డాక్టర్_జఠరం
మూడేళ్ల ఆవకాయ తినేవాళ్లున్నారు, జాగ్రత్త.

నెల్లూరు_నెరజాణ
ఒక డౌటు. మా మామయ్య బీరువాలో 12 ఏళ్ల సింగిల్ మాల్ట్ సీసా సీలు తియ్యకుండా 1998 నుంచి ఉంది. ఇప్పుడది దగ్గర దగ్గర 40 ఏళ్లదే కదా?

పీపా_పిచ్చోడు
కాదండీ. గాజులో వయసు పెరగదు. 1998లో 12 అయితే ఇవాళా 12. కానీ పారెయ్యకండి. అప్పటి సరుకు ఇప్పటి సరుకు కంటే వేరుగా ఉంటుంది, చాలామంది పాత సీసాల కోసం వెతుకుతారు. సీసా నిలబెట్టి ఉందా, పడుకోబెట్టి ఉందా చూడండి. వైన్‌లాగా పడుకోబెడితే ఇంత బలమైన ఆల్కహాల్ కార్కుని తినేస్తుంది.

నెల్లూరు_నెరజాణ
నిలబెట్టే ఉంది. పక్కన దేవుడి పటాలు ఉన్నాయి, కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు.

సోడా_శాస్త్రి
మామయ్యగారు తెలివైనవారు.

హిమాయత్‌నగర్_హంస
రంగు గురించి ఎవరూ చెప్పలేదు. నాకు పాతది అంటే ముదురు రంగు అనే ఉంది.

అబర్డీన్_అప్పారావు
రంగుని అస్సలు నమ్మకండి. స్కాచ్‌లో కారమెల్ రంగు, ఈ150ఏ, కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. జర్మనీలో అమ్మితే లేబుల్ మీద రంగు కలిపామని రాయాలి, చాలాచోట్ల అక్కర్లేదు. గ్లెన్‌ఫార్‌క్లాస్ వాళ్లు కలపరు. అది వాళ్ల పాలసీ. అయినా సహజ రంగు కూడా వయసు చెప్పదు. కొత్త షెర్రీ పీపాలో పదేళ్లు ఉన్నది కాఫీ డికాక్షన్ రంగులో రావచ్చు. మూడుసార్లు వాడిన పీపాలో ముప్ఫై ఏళ్లు ఉన్నది గడ్డి రంగులో ఉండొచ్చు. నా వరకు నేను తాగిన పాతవాటిలో బాగున్నవి ఎక్కువగా ఆ లేతరంగువే. పీపా అప్పటికే అలసిపోయి ఉంటుంది, స్పిరిట్ బతికి ఉంటుంది.

వైజాగ్_అల
నాదీ అదే అనుభవం, పొగ ఉన్న మాల్ట్‌లతో. ఐలా అనే స్కాట్లాండ్ దీవిలో లగావులిన్, లాఫ్రోయిగ్ లాంటివి వయసు పెరిగే కొద్దీ పొగ తగ్గుతుంది. పొగ ఎంతుందో చెప్పే పీపీఎం అంకె చూసి కొనేవాళ్లకి తెలియాల్సింది, ఆ అంకె మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీలో కొలిచింది, సీసాలో కాదు. పొగ కోసం పాతది కొనడం దండగ. పొగ వెనక ఏముందో చూడాలంటే పాతదే కొనాలి.

తాటిముంజె
ఎవరూ అనట్లేదు కాబట్టి నేనంటా. సీసా నకిలీ అయ్యుంటుందా?

నైట్‌షిఫ్ట్_నాని
ఎయిర్‌పోర్టు డ్యూటీ ఫ్రీ షాపులో కొన్న బిల్లు ఉంది. సీలు నా ముందే తీశాం.

డాక్టర్_జఠరం
ఈ స్థాయి సీసాకి నకిలీ భయం పెద్దగా అక్కర్లేదు. నకిలీలు తిరిగేది వేలం సరుకులో. 2018లో స్కాట్లాండ్‌లోని ఒక పరిశోధన కేంద్రం అరుదైనవని చెప్పిన 21 సీసాలకి కార్బన్ పరీక్ష చేస్తే అన్నీ నకిలీవో, చెప్పిన ఏడాదివి కానివో అని తేలింది. ఒక్కటి కూడా మిగల్లేదు. 1950, 60లలో జరిగిన అణు పరీక్షల వల్ల గాల్లో కార్బన్ 14 పెరిగింది, ఆ గాలి పీల్చి పెరిగిన బార్లీలో ఆ గుర్తు ఉంటుంది. 1900కి ముందుదని చెప్పిన విస్కీలో ఆ గుర్తు కనబడితే అయిపోయినట్టే.

2017లో స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో ఒక హోటల్ బార్‌లో 1878 నాటి మెకాలన్ సింగిల్ మాల్ట్ అని ఒక చైనా రచయిత ఒక్క పెగ్గుకి 9,999 ఫ్రాంకులు కట్టాడు. సీసా చూసి అనుమానం వచ్చినవాళ్లు పరీక్ష చేయించమన్నారు. ల్యాబ్ చెప్పింది: ఎక్కువగా 1970 నుంచి 72 మధ్యది, పైగా సింగిల్ మాల్టే కాదు, 60 శాతం మాల్ట్, 40 శాతం ధాన్యం విస్కీ కలిపిన బ్లెండ్. హోటల్ వాళ్లు డబ్బు తిరిగి ఇచ్చారు. ఇక్కడ నాకు నచ్చేది ఏంటంటే, అతను తాగినప్పుడు అది నకిలీ అని నాలుకకి తెలియలేదు. ల్యాబ్‌కి తెలిసింది.

తాటిముంజె
పెగ్గు పదివేల ఫ్రాంకులు కట్టినవాడి నాలుక "బాగాలేదు" అని ఎలా అంటుంది?

లక్ష్మి_ఆన్_ద_రాక్స్
☝️ నేను మొదటి నుంచి చెబుతున్నది అదే.

మంజీర_మల్లన్న
ఇంటర్నెట్‌లో 87, 91.5 అని మార్కులు వేస్తారే, ఆ అర మార్కు ఎక్కడి నుంచి వస్తది?

పీపా_పిచ్చోడు
మామూలు పద్ధతి నాలుగు పాతికలు. వాసనకి 25, రుచికి 25, ముగింపుకి (మింగాక నిలిచే రుచికి) 25, మొత్తం పొందికకి 25. ఒక్క మనిషి ఏళ్ల తరబడి అదే పద్ధతిలో వేస్తుంటే ఆ మార్కులకి కొంత విలువ ఉంటుంది, ఎందుకంటే అతని ఇష్టాలు మనకి అర్థమైపోతాయి. వేర్వేరు మనుషుల సగటు మార్కులంటే నాకు నమ్మకం లేదు. పాత సీసాలకి అందరూ ముందే 88 ఇచ్చి మొదలుపెడతారు.

నేను పాతదాన్ని చూసేటప్పుడు నాకు నేను వేసుకునే ప్రశ్న ఒకటే. చెక్క వెనక ఆ డిస్టిలరీ ఇంకా కనబడుతోందా? పేరు చెప్పకుండా పోస్తే ఇది గ్లెన్‌ఫార్‌క్లాస్ అని, ఇది స్ప్రింగ్‌బ్యాంక్ అని ఊహించగలమా? ఊహించగలిగితే అది బాగా ముదిరిన విస్కీ. ఓక్, ఎండు ద్రాక్ష తప్ప ఏమీ రాకపోతే అది పీపా రసం, పేరు ఏదైనా.

హిమాయత్‌నగర్_హంస
మొత్తం థ్రెడ్‌లో ఇప్పటికి నాకు పనికొచ్చిన మాట. అయితే దానికి ముందు అదే డిస్టిలరీ 10, 12, 15 తాగి ఉండాలి కదా?

పీపా_పిచ్చోడు
అవును. అందుకే మొదటి గ్లెన్‌ఫార్‌క్లాస్ 25 కాకూడదంటాను. వాళ్లదే 105 అని 60 శాతంది ఉంది, కాస్క్ స్ట్రెంగ్త్ అని అమ్ముతారు. దానికి ఎవరి అభ్యంతరం లేకుండా నీళ్లు పోసుకోవచ్చు, డాక్టరుగారు కూడా ఏమీ అనరు.

డాక్టర్_జఠరం
60కి పోయకపోతేనే అంటాను. వృత్తి ధర్మం.

తాటిముంజె
విలువ అంటే రుచేనా? 1926 మెకాలన్ 2023 నవంబరులో లండన్ వేలంలో 20 లక్షల పౌండ్లు దాటింది. 1986లో సీసాల్లో నింపింది మొత్తం 40. కొన్నవాడు దాన్ని తాగుతాడని ఎవరూ అనుకోరు. అప్పుడు ఈ వాసనా, వగరూ అన్న చర్చకి అర్థం ఏంటి?

ఇందిరానగర్_ఇస్మాయిల్
అది స్టాంపులు పోగేసినట్టే, విస్కీతో సంబంధం లేదు. మనలాంటివాళ్లకి విలువ మీద ఎక్కువ ప్రభావం చూపించింది పన్నే. 150 శాతం దిగుమతి సుంకం ఉంటే 25 కాదు, 12 కూడా విలాసమే. బ్రిటన్‌తో 2025 జులైలో సంతకం చేసిన ఒప్పందంలో అది 75కి, పదేళ్లలో 40కి దిగాలని ఉంది. దాని మీద రాష్ట్రాల ఎక్సైజ్ ఎంత వేస్తుందో మళ్లీ వేరే కథ. అందుకే ఇంకా అందరం విదేశాల నుంచి వచ్చే చుట్టాల మీద ఆధారపడుతున్నాం.

సోడా_శాస్త్రి
చుట్టానికి రెండు లీటర్లు. అంతకు మించి తెస్తే కస్టమ్స్ వాళ్లు కూడా చుట్టాలవుతారు.

నైట్‌షిఫ్ట్_నాని
లక్ష్మిగారు చెప్పినట్టు చేశాను. మా ఆవిడ పోసింది. ఏసీ 22లో పెట్టి, సీసాలు పొద్దుట నుంచి ఆ గదిలోనే ఉంచాను. గ్లాసులకి న్యూస్‌పేపర్ చుట్టింది. పోశాక అరగంట ముట్టుకోలేదు.

వేరుగా ఉన్న గ్లాసు వాసనతోనే పట్టుకున్నాను, తాగక్కర్లేకపోయింది. మళ్లీ మార్చి పోస్తే మళ్లీ పట్టుకున్నాను. కాబట్టి తేడా అయితే ఖాయం.

వాసన వరకు 25కే నా ఓటు, అనుమానం లేదు. మొదట బీరువా చెక్క, తర్వాత ఎండు ఖర్జూరం, ఇంకాసేపటికి పండిన సపోటా లాంటిది వచ్చింది, మొదటి రోజు అది లేనే లేదు. ఖాళీ గ్లాసు పొద్దున్న చూస్తే తోలు, పొగాకు. 15 గ్లాసులో పొద్దుటికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

నోట్లో మాత్రం మళ్లీ 15కే వేశాను, పేర్లు తెలియకుండానే. ఆ శొంఠి ఘాటు, నిండుదనం 25లో లేవు. సగం గ్లాసులో చుక్క నీళ్లు వేసి కూడా చూశాను. డాక్టరుగారు చెప్పినట్టే వగరు ముందుకొచ్చింది.

ఇప్పుడు చెప్పండి, ఇది ఏ లెక్కలో వేసుకోవాలి?

డాక్టర్_జఠరం
నీళ్ల విషయం నమోదు చేసుకోవలసిందిగా పీపా గారికి మనవి.

పీపా_పిచ్చోడు
చేసుకున్నా. ఒక చుక్క అని చెప్పి చెంచా పోసుంటాడు.

నైట్‌షిఫ్ట్_నాని
మందుల షాపులో కొన్న డ్రాపర్ సార్.

అబర్డీన్_అప్పారావు
లెక్క తేలిపోయింది కదా. మీకు 25 ముక్కుతో తాగే విస్కీ, 15 నోటితో తాగే విస్కీ. ఇదే 25ని పీపా బలంతో, ఏ 50 శాతం దగ్గరో నింపి ఉంటే నోటి ఓటు కూడా దానికే పడేదేమో. అలాంటివి కావాలంటే ఒకే పీపా నుంచి నింపిన సీసాలు వెతకాలి, వాటి ధర గురించి ఇప్పుడు మాట్లాడకపోవడమే మంచిది. మీరు మాత్రం 25ని భోజనం అయ్యాక గంటసేపు పక్కన పెట్టుకుని తాగండి, 15తో పోటీ పెట్టకండి. బలమైనదాని పక్కన బలం తక్కువది ఎప్పుడూ ఓడిపోతుంది. పోటీయే పెట్టాలంటే ముందు 25, తర్వాత 15.

లక్ష్మి_ఆన్_ద_రాక్స్
వరస నేను అడగడం మర్చిపోయా! నాని, మొదటి రోజు ఏది ముందు?

నైట్‌షిఫ్ట్_నాని
15 ముందు. రెండోసారి మా ఆవిడ ఎలా పోసిందో తనకే గుర్తు లేదు.

లక్ష్మి_ఆన్_ద_రాక్స్
అయితే నోటి ఫలితాన్ని నేను ఒప్పుకోను. వాసనది ఒప్పుకుంటా.

పీపా_పిచ్చోడు
నేను ఒప్పుకుంటా. 46కి 43కి మధ్య తేడా ఏ వరసలో తాగినా తెలుస్తుంది.

హిమాయత్‌నగర్_హంస
మళ్లీ మొదలు.

నైట్‌షిఫ్ట్_నాని
ఇంకో సందేహం. తెరిచిన 25 ఎన్నాళ్లు ఉంటుంది? రోజూ తాగేది కాదు.

వైజాగ్_అల
సగం పైన ఉంటే నెలల తరబడి ఢోకా లేదు. సగం కన్నా తగ్గాక లోపల గాలి ఎక్కువై వాసన మెల్లగా వాడిపోతుంది, పాతవాటిలో అది ముందే తెలుస్తుంది. అప్పుడు శుభ్రమైన చిన్న గాజు సీసాలోకి నిండా పోసి బిగించండి. ఎండ తగలకూడదు, వంటింటి పక్క అల్మరా అసలే వద్దు.

నెల్లూరు_నెరజాణ
మా మామయ్య సీసా 12 ఏళ్లదే అయినా ఎవరైనా కొంటారా? కార్కు బాగుంది, ఫొటో పెట్టమంటే పెడతా.

మంజీర_మల్లన్న
నేను రెడీ. ఏ ఊర్లో ఉన్నది?

మోడరేటర్_2
కొనడం, అమ్మడం ఇక్కడ కుదరదు. లైసెన్సు లేకుండా మద్యం అమ్మితే ఎక్సైజ్ కేసు అవుతుంది, ఫోరం మీదకీ వస్తుంది. నెరజాణ గారి తర్వాతి పోస్టు, ఫొటో తీసేశాను. రుచి గురించి ఎంతైనా రాసుకోండి.

నెల్లూరు_నెరజాణ
ఫొటోలో దేవుడి పటం కూడా ఉంది, దాన్ని కూడా తీసేశారా?

సోడా_శాస్త్రి
ఇంతకీ బావగారికి ఏం చెప్పారు?

నైట్‌షిఫ్ట్_నాని
"వాసన అద్భుతం బావగారూ" అన్నాను. ఈసారి 30 ఏళ్లది తెస్తానన్నారు. 105 చాలని ఎలా చెప్పాలో తెలిసినవాళ్లు రాయండి.